తల్లి చేతికి డబ్బు సరే, చదువు లెక్క కూడా ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,



2025 జూన్ 12న, బడులు తెరిచిన రోజునే, తల్లికి వందనం పథకం డబ్బులు ఖాతాల్లో పడటం మొదలైంది. 67 లక్షల 27 వేల మంది పిల్లలకు గాను 8,745 కోట్ల రూపాయలు. బిడ్డకు 15,000 చొప్పున లెక్కగట్టి, 2,000 బడి నిర్వహణకు మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఇంట్లో ముగ్గురు చదువుతుంటే ముగ్గురికీ వేశారు. అంతకుముందున్న ప్రభుత్వం 2020 జనవరిలో మొదలుపెట్టిన అమ్మఒడిలో తల్లికి ఒక్క బిడ్డ లెక్కే ఉండేది. ఈ రెండు పథకాల మీద రాజకీయంగా ఎంత వాదన నడిచినా ఒక సంగతిలో రెండూ ఒక్కటే. బిడ్డ మండల పరిషత్ బడిలో చదివినా, పక్క ఊరి కాన్వెంటుకు బస్సెక్కి వెళ్ళినా డబ్బు వస్తుంది.

అందరూ తల్లికి వందనాన్ని సంక్షేమ పథకంగానే చూస్తున్నారు. నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తోంది. సర్కారు డబ్బు బడికి కాకుండా బిడ్డ వెంట నడవాలనీ, ఏ బడి అన్నది ఇంట్లోవాళ్ళే తేల్చుకోవాలనీ మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1955లో రాశాడు. దాన్నే స్కూల్ వోచర్ అంటారు. మన పథకంలో ఆ డబ్బు ఫీజుకే కట్టాలన్న షరతు లేదు కాబట్టి అచ్చమైన వోచర్ అనలేం. అయినా ఫీజు కట్టలేక ఊరి బడితో సరిపెట్టుకుంటున్న తల్లికి 13,000 చేతికొస్తే కాన్వెంటు గేటు సగం తెరుచుకున్నట్టే. దీనికితోడు విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ఉంది. దాని ప్రకారం ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలి, వాళ్ళ ఖర్చు ప్రభుత్వం భరించాలి. అది పేరు మార్చిన వోచరే. ఎవరూ ఆ మాట అనకుండానే మన రాష్ట్రం ఆ దారిలో చాలా దూరం వచ్చేసింది.

నేను ఎలిమెంటరీ బడుల్లో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు)గా పనిచేసి రిటైరయ్యాను. తల్లి ఖాతాలో డబ్బు వేయొద్దని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. జూన్ వచ్చిందంటే నోటు పుస్తకాలకూ బూట్లకూ వడ్డీకి తెచ్చే ఇళ్ళు నాకు తెలుసు. ఆ వడ్డీ తప్పించినందుకే ఈ పథకాన్ని మెచ్చుకోవాలి. నేను అడిగేది వేరు. ఇంత డబ్బు ఎవరి చదువు కోసం ఇస్తున్నారో ఆ బిడ్డకు చదవడం వచ్చిందో లేదో ఆ తల్లికి ఎవరు చెబుతున్నారు? సర్కారు బడిలో ఎవరు చెబుతున్నారు? ప్రైవేటు బడిలో ఎవరు చెబుతున్నారు?

ప్రైవేటు బడి మంచిదా, సర్కారు బడి మంచిదా అన్న వాదన ప్రతి రచ్చబండ మీదా వింటాం. దీనికి ఊహల మీద జవాబు చెప్పనక్కర్లేదు. ప్రపంచమంతా చదివే జవాబు మన ఊళ్ళలోనే దొరికింది. 2008 నుంచి నాలుగేళ్ళపాటు ఉమ్మడి రాష్ట్రంలోని తూర్పు గోదావరి, విశాఖపట్నం, కడప, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ స్కూల్ చాయిస్ అనే ప్రాజెక్టు నడిచింది. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ దాన్ని నడిపింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఫలితాలు పరిశీలించి 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రచురించారు. దాని గురించి విదేశీ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్నారు. మన ఎంఈఓల (మండల విద్యాధికారుల) సమావేశాల్లో దాని ప్రస్తావన నేనెప్పుడూ వినలేదు.

ప్రాజెక్టు తీరు ఇదీ. 180 ఊళ్ళు తీసుకున్నారు. మీ బిడ్డను ప్రైవేటు బడికి పంపిస్తే ఖర్చు మేం పెట్టుకుంటాం, ఇష్టమేనా అని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. 6,433 మంది పిల్లల తరఫున దరఖాస్తులొచ్చాయి. లాటరీ తీసి ఆ 180లో 90 ఊళ్ళను ఎంచారు. ఆ 90 ఊళ్ళలో మళ్ళీ లాటరీ తీసి పిల్లలను ఎంచారు. పేరు వచ్చిన బిడ్డకు ప్రాథమిక చదువు పూర్తయ్యేదాకా ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులు నేరుగా బడికే కట్టారు. బస్సు ఖర్చు మాత్రం ఇంటివాళ్ళదే.

లాటరీ ఎందుకన్నది కొంచెం చెప్పాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మామూలుగా రెండు రకాల బడుల మార్కులు పక్కపక్కన పెడితే ప్రైవేటు బడివే ఎక్కువ కనిపిస్తాయి. అయితే కాన్వెంటుకు పంపే ఇళ్ళలో చాలాచోట్ల తల్లి ఎంతోకొంత చదివి ఉంటుంది. సాయంత్రం బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. కాస్త వెనకబడితే ట్యూషన్ పెట్టిస్తుంది. ఆ మార్కుల్లో బడి కష్టమెంత, ఇంటి కష్టమెంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు. లాటరీ తీసినప్పుడు పేరు వచ్చిన బిడ్డ ఇంటికీ రాని బిడ్డ ఇంటికీ అలాంటి తేడా ఉండదు. ఇద్దరు తల్లులూ వోచర్ కోరుకున్నవాళ్ళే, ఒకరికి చీటీ తగిలింది, ఇంకొకరికి తగల్లేదు. కాబట్టి ఆ తర్వాత పిల్లల చదువులో కనిపించే తేడా బడి వల్ల వచ్చినదే.

రెండేళ్ళకు ఒకసారి, నాలుగేళ్ళకు ఒకసారి పిల్లలందరికీ పరీక్ష పెట్టారు. నాలుగేళ్ళ తర్వాత కూడా తెలుగులో తేడా లేదు. లెక్కల్లో లేదు. ఇంగ్లీషులో, సైన్సు, సోషల్‌లో కూడా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడికి వెళ్ళిన పిల్లలు చాలా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడిలో హిందీ చెప్పనే చెప్పరు కాబట్టి అది ఊహించదగినదే. ఊళ్ళో మిగిలినవాళ్ళ సంగతి కూడా చూశారు. కొందరు పిల్లలు వెళ్ళిపోయినందువల్ల సర్కారు బడిలో మిగిలిన పిల్లల చదువు దెబ్బతినలేదు. కొత్త పిల్లలు వచ్చి కూర్చున్నందువల్ల కాన్వెంటు పిల్లల చదువూ తగ్గలేదు.

ఈ ఫలితంలో తమకు నచ్చిన సగమే చదివేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. ప్రైవేటు బడి గొప్పతనమంతా ఇంటి గొప్పతనమేనని మా ఉపాధ్యాయ సంఘాల మిత్రులు అంటారు. అది నిజం. కాన్వెంటులో ఒక బిడ్డ మీద అయ్యే ఖర్చు సర్కారు బడిలో అయ్యేదాంట్లో మూడో వంతు కూడా లేదు, అంత తక్కువలో అదే చదువు వచ్చిందంటే ఎవరు సమర్థులని ప్రైవేటు యాజమాన్యాలు అడుగుతాయి. అదీ నిజమే. మీలాంటి పాలకులు ఈ రెండు నిజాలనూ ఒకే చేత్తో పట్టుకోవాలి.

నాలాంటి టీచరుకు అన్నిటికంటే గట్టిగా తగిలింది మాత్రం వాళ్ళు రాసిన టైమ్‌టేబుల్ లెక్క. ఆ ఊళ్ళలో ప్రైవేటు బడులు తెలుగుకు సర్కారు బడి కంటే దాదాపు 40 శాతం తక్కువ సమయం ఇచ్చాయి. లెక్కలకు దాదాపు మూడో వంతు తక్కువ ఇచ్చాయి. అయినా ఆ రెండింటిలో వాళ్ళ పిల్లలు వెనకబడలేదు. అలా మిగిలిన సమయాన్ని ఇంగ్లీషుకూ హిందీకీ సైన్సుకూ వాడుకున్నారు. అక్కడి టీచర్ల చదువు మాకంటే తక్కువ, శిక్షణ తక్కువ, జీతం మాకొచ్చేదాంట్లో అయిదో వంతు కూడా లేదు. అయితే వాళ్ళు బడికి వచ్చారు, క్లాసులో ఉన్నారు, బడి ఎక్కువసేపు నడిచింది. డీఎస్సీ నియామక పరీక్షలో నెగ్గి, ఏటా శిక్షణ తరగతులకు వెళ్ళే మాకు ఇచ్చిన తెలుగు పీరియడ్లో అంత సమయం ఎటు పోయింది?

ఎటు పోయిందో చెప్పగలను. కొంత మా గైర్హాజరులో పోయింది. 2010లో దేశంలోని గ్రామాల్లో చెప్పాపెట్టకుండా వెళ్ళి చూసిన పరిశోధకులకు దాదాపు నాలుగో వంతు టీచర్లు బడిలో కనిపించలేదు. ఈ మాట మా వాళ్ళకు నచ్చదు. అలా కనిపించనివాళ్ళలో సెలవు పెట్టినవాళ్ళు, ఆఫీసు పని మీద వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారన్నది నిజమే అయినా, క్లాసులో కూర్చున్న బిడ్డకు ఆ తేడా పట్టదు. మిగిలిన సమయం టీచర్ల కొరతలోనూ పైనుంచి వచ్చిన పనుల్లోనూ పోయింది. ఒకే టీచరు ఒకే గదిలో అయిదు తరగతులను కూర్చోబెట్టుకుని ఒకరికి గుణింతాలు, ఇంకొకరికి భాగహారం చెబుతుంటే ఏ తరగతికీ రోజులో గంటకు మించి దక్కడం కష్టం. తర్వాత వచ్చిన యాప్‌లలో ఆ గంటలోనే మధ్యాహ్న భోజనం ఫొటో, హాజరు ఫొటో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే ఫోన్ పట్టుకుని ప్రహరీ దగ్గర నిలబడాలి. ఎన్నికల విధులు, ఓటర్ల జాబితాలు, సర్వేలు వేరే.

ఈ విషయంలో మీరు కొన్ని మంచి అడుగులు వేశారు, వాటిని చెప్పకుండా విమర్శ మాత్రమే రాయడం న్యాయం కాదు. మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలను ఊరి బడి నుంచి తీసి హైస్కూలుకు తరలించిన జీవో 117ను రద్దు చేశారు. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడులను తొమ్మిది వేలకు పైగా ఏర్పాటు చేశారు. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పెట్టి 2025 సెప్టెంబరులో నియామక పత్రాలిచ్చారు. నా దృష్టిలో తల్లికి వందనం కంటే ఇవే పెద్ద పనులు. వీటి గురించి ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరు, ఎందుకంటే వీటికి ఫోన్లో మెసేజ్ రాదు.

కాన్వెంటు చవకదనం గురించి కూడా ఒక మాట. ఆ చవకంతా ఒక అమ్మాయి భుజాల మీద నిలబడి ఉంది. డిగ్రీ చదివి, ఊరు దాటి ఉద్యోగానికి వెళ్ళే వీలు లేక, ఇంటికి దగ్గరని ఆ బడిలో చేరిన అమ్మాయి. కూలి కంటే తక్కువ జీతానికి రోజంతా నిలబడి పాఠం చెప్పి, రాత్రి డజన్ల కొద్దీ నోటు పుస్తకాలు దిద్దే అమ్మాయి. కరోనా కాలంలో బడులు మూతపడితే ఆ జీతమూ ఆగిపోయింది. ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్ముకోవడం, ఉపాధి పనికి వెళ్ళడం అప్పుడు అందరం చూశాం. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వాళ్ళకు నెలకు 2,000 రూపాయలూ 25 కిలోల బియ్యమూ ఇచ్చి ఆదుకోవాల్సి వచ్చింది. తక్కువ ఖర్చుతో చదువు చెబుతున్నారు కాబట్టి డబ్బంతా అటు మళ్ళిద్దాం అని మీకు సలహా ఇచ్చేవాళ్ళు ఈ అమ్మాయిని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆమె కష్టాన్ని ప్రభుత్వ విధానంగా మార్చకూడదు.

మరి చదువులో తేడా లేనప్పుడు తల్లులు కాన్వెంటుకు ఎందుకు పంపుతున్నారు? మోసపోతున్నారని నేననను. ఇంటి ముందుకు బస్సు వస్తుంది. డైరీలో హోంవర్కు రాసి పంపుతారు. ఇంగ్లీషు మీడియం అంటారు. టై కట్టుకున్న బిడ్డను చూస్తే, తను కూలికి వెళ్ళిన దారిలో ఈ బిడ్డ వెళ్ళదన్న ధైర్యం కలుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఫీజు కట్టింది కాబట్టి బిడ్డ రెండు రోజులు జ్వరంతో మానేస్తే అక్కడినుంచి ఫోన్ వస్తుంది. ఏదైనా అడగాలనుకుంటే అడగొచ్చు. మా బడిలో చాలాచోట్ల ఆ తల్లి వరండా మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మాస్టారు ఏమనుకుంటారోనని వెనక్కి వెళ్ళిపోతుంది. ప్రైవేటు బడి ఆమెకిచ్చే మొదటి వస్తువు ఆ మర్యాద. దాని విలువ ఆమెకు బాగా తెలుసు.

తెలియనిది ఒకటుంది. బిడ్డకు చదవడం వచ్చిందా అన్నది. తను చదువుకోని తల్లికి అది తెలుసుకునే దారి లేదు. బిడ్డ పుస్తకం తెరిచి పాఠం గడగడా అప్పజెబుతుంది, తల్లి మురిసిపోతుంది. అదే పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం తీసి చదవమంటే బిడ్డ నోరు కదలదు. మొదటి పాఠాన్ని విని విని కంఠతా పట్టింది, అక్షరాలు కూడబలుక్కోవడం, ఒత్తులు పలకడం ఇంకా రాలేదు. ఇలాంటి పిల్లలు మా బడుల్లో ఉన్నారు, కాన్వెంటుల్లోనూ ఉన్నారు. కాన్వెంటులో ఇంగ్లీషు పద్యం కూడా అప్పజెప్పగలరు కాబట్టి సంగతి బయటపడటం ఇంకా ఆలస్యమవుతుంది. ప్రోగ్రెస్ కార్డు మీద ఎ గ్రేడు పడి ఉంటుంది. ఆ గ్రేడు వేసింది ఆ బడే. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024లో గ్రామాల్లోని ఇళ్ళకు వెళ్ళి చూస్తే, దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతం. కరోనా తర్వాత కోలుకుని పైకి వచ్చిన అంకె అది.

బిడ్డ ఏం నేర్చుకుందో చూడకుండా డబ్బు మాత్రమే పంపితే ఏమవుతుందన్నది కూడా మన రాష్ట్రంలోనే తేలింది. 2005 తర్వాత అదే అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, మురళీధరన్, సుందరరామన్‌లతో పాటు మరికొందరు పరిశోధకులు కొన్ని సర్కారు బడులకు పిల్లలకు కావలసిన పుస్తకాలు, సామగ్రి కొనుక్కోవడానికి బిడ్డకు 125 రూపాయల చొప్పున గ్రాంటు ఇప్పించారు. మొదటి ఏడు తల్లిదండ్రులకు ఆ సంగతి ముందుగా తెలియదు, పిల్లల చదువు మెరుగుపడింది. రెండో ఏడు తెలిసింది. నోటు పుస్తకాలు బడిలో ఇస్తారులే అని ఇంట్లో ఆ మేరకు ఖర్చు తగ్గించుకున్నారు. ఆ ఏడు చదువులో తేడా రాలేదు. ఆ తల్లిదండ్రులను తప్పు పట్టలేం, ఇంటికి వేరే అవసరాలుంటాయి. కాకపోతే ఏటా జూన్‌లో ఖాయంగా వచ్చే డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుందన్నది, అది వస్తుందని ఫీజులు నిర్ణయించేవాళ్ళకూ ముందే తెలుస్తుందన్నది మీ అధికారులు ఆలోచించాలి.

అదే సమయంలో మరికొన్ని సర్కారు బడుల్లో, పిల్లల చదువు ఎంత మెరుగుపడితే టీచరుకు అంత చిన్న బోనస్ అని పెట్టారు. రెండేళ్ళలో లెక్కల్లోనూ తెలుగులోనూ ఆ బడుల పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్ళారు. నేను బోనస్‌ను సమర్థించడానికి ఇది చెప్పడం లేదు. అందులో టీచర్ల హాజరు పెరగలేదు. బడికి వచ్చిన రోజున వాళ్ళు ఎక్కువ పని చేశారు. హోంవర్కు ఇచ్చారు, అదనంగా క్లాసులు తీసుకున్నారు, వెనకబడిన పిల్లలను దగ్గరకు పిలిచారు. బోనస్ చిన్నదే అయినా, బిడ్డ ఏం నేర్చుకుందన్నదానికి విలువ వచ్చినప్పుడు అదే టీచరు, అదే గదిలో చదువు మారింది.

విదేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. చిలీలో నియంత పినోచే పాలనలో 1981లో దేశమంతా వోచర్లు పెట్టారు. పిల్లలు పెద్ద ఎత్తున ప్రైవేటు బడులకు తరలారు. దేశం మొత్తం మీద చదువు మెరుగుపడిందన్న ఆధారం పరిశోధకులకు దొరకలేదు. ఉన్నవాళ్ళ పిల్లలు ఒకచోట, లేనివాళ్ళ పిల్లలు ఇంకోచోట చేరారు. 2006లో హైస్కూలు పిల్లలు లక్షల్లో వీధుల్లోకొచ్చారు. చివరికి 2015లో సర్కారు డబ్బు తీసుకునే బడులు లాభం తీసుకోకూడదని, పిల్లలను ఏరుకోకూడదని చట్టం చేశారు. కొలంబియాలో హైస్కూలు పిల్లలకు లాటరీ మీద ఇచ్చిన వోచర్లు మంచి ఫలితమిచ్చిన మాట కూడా నిజం. అక్కడ ఏటా పాసైతేనే వోచర్ కొనసాగేది.

నేను మిమ్మల్ని చూడమని కోరేది మాత్రం పాకిస్తాన్‌లోని పంజాబ్‌ను. మన ఊళ్ళలాగే అక్కడా ఒకే ఊళ్ళో సర్కారు బడీ, చవక ప్రైవేటు బడులూ ఉంటాయి. తాహిర్ అంద్రాబీ, జిష్ణు దాస్, ఆసిమ్ ఖ్వాజా అనే ముగ్గురు పరిశోధకులు 112 ఊళ్ళను తీసుకుని చిన్న పని చేశారు. ఆ ఊళ్ళలోని సర్కారు, ప్రైవేటు బడుల మూడో తరగతి పిల్లలకు ఒకే పరీక్ష పెట్టారు. లాటరీలో ఎంచిన సగం ఊళ్ళలో, నీ బిడ్డకు ఇంత వచ్చింది, ఊళ్ళో ఒక్కో బడి పిల్లలకు సగటున ఇంత వచ్చింది అని తల్లిదండ్రులకు కాగితం మీద ఇచ్చి వివరించారు. అంతే. ఏడాది తిరిగేసరికి ఆ ఊళ్ళలో పిల్లల చదువు మెరుగుపడింది, ప్రైవేటు బడుల ఫీజులు 17 శాతం తగ్గాయి, బడిలో చేరిన పిల్లల సంఖ్య పెరిగింది. సర్కారు బడుల్లోనూ చదువు మెరుగుపడింది. ఎవరికీ డబ్బు ఇవ్వలేదు, ఏ బడినీ బలవంతంగా మూయించలేదు. తెలుసుకున్న తల్లి గట్టిగా అడిగింది, అడిగిన తల్లికి బడులు జవాబు చెప్పాల్సి వచ్చింది.

మంత్రిగారూ, నా అభ్యర్థన ఇదే. తల్లికి వందనం డబ్బు వెళ్ళే ప్రతి ఇంట్లో, రెండో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చదివే ప్రతి బిడ్డకూ ఏటా ఏప్రిల్‌లో ఒక చిన్న పరీక్ష పెట్టించండి. ముందెన్నడూ చూడని ఒక తెలుగు పేరా చదవడం, నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం, ఒక తీసివేత, ఒక భాగహారం. అంతకుమించి అక్కర్లేదు. పావుగంటలో అయిపోతుంది. ఆ పరీక్షను బిడ్డ చదివే బడి పెట్టకూడదు. డైట్‌లలో టీచరు శిక్షణ పొందుతున్న విద్యార్థులున్నారు, గ్రామ సచివాలయాల్లో విద్యా సహాయకులున్నారు. వాళ్ళకు ఒక వారం తర్ఫీదు చాలు. తల్లి ఎదురుగా కూర్చుని ఉండగానే బిడ్డ చేత చదివించాలి. ఫలితం ఆమెకు నోటితో చెప్పాలి, కాగితం మీదా ఇవ్వాలి. ఆ కాగితం మీద గ్రేడులూ నక్షత్రాలూ వద్దు. "పేరా తడుముకోకుండా చదివింది", "మాటలు చదవగలదు, వాక్యం చదవలేదు" అని తెలుగులో రాయండి.

ప్రైవేటు బడులు ఒప్పుకోవని మీ అధికారులు అనొచ్చు. పథకానికి 75 శాతం హాజరు ఉండాలన్న నియమం ఉంది, ఆ హాజరు లెక్క ప్రైవేటు బడులూ పంపుతూనే ఉన్నాయి. బిడ్డ బడికి వచ్చిందా అని అడిగే హక్కు ప్రభుత్వానికి ఉన్నప్పుడు, వచ్చి ఏం నేర్చుకుందని అడిగే హక్కు కూడా ఉంటుంది. విద్యాహక్కు చట్టం కింద ప్రభుత్వం నుంచి ఫీజు తీసుకునే బడి విషయంలో ఇక సందేహమే లేదు. ఖర్చు సంగతి చూస్తే, బిడ్డకు 2,000 చొప్పున బడి నిర్వహణకని మినహాయించిన సొమ్మే దాదాపు 1,345 కోట్లు. అందులో చిన్న భాగం ఈ పనికి సరిపోతుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా కోరుతున్నాను, ఎందుకంటే మన దగ్గర ఏ పరీక్షయినా ర్యాంకుల ఫ్లెక్సీగా మారిపోవడం నాకు తెలుసు. పిల్లల పేర్లూ మార్కులూ బయటపెట్టకండి. బడి సగటు మాత్రం ఊరందరికీ చెప్పండి. తక్కువ వచ్చిన టీచరుకు షోకాజ్ నోటీసు ఇవ్వకండి. నోటీసు భయం పుట్టిన రోజునే మేం సమాధానాలు నేర్పించడం మొదలుపెడతాం, ఆ తర్వాత ఆ కాగితానికి విలువ ఉండదు. తక్కువ వచ్చిన బడికి ఇంకో టీచరును పంపండి, యాప్‌ల బరువు తీసేయండి, రోజుకు రెండు గంటలు పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి చెప్పనివ్వండి. ఇలా చెబితే పిల్లలు తొందరగా చదువుతారని ప్రథమ్ సంస్థ దేశంలో ఎన్నోచోట్ల చేసి చూపించింది. పరీక్ష ఫలితాన్ని టీచరు చేతికి మాత్రమే ఇచ్చి ఊరుకోవద్దు. మన రాష్ట్రంలోనే అదీ చేసి చూశారు, దానివల్ల ఏ మార్పూ రాలేదు. ఆ కాగితం తల్లి చేతిలో ఉండాలి.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి తల్లిదండ్రులను బడికి రప్పించారు. 2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జూలై 10న మరోసారి. వచ్చినవాళ్ళకు భోజనం పెట్టారు, ఆటలు ఆడించారు. వరండా దగ్గర ఆగిపోయే తల్లి ఆ రోజు క్లాసురూములో కుర్చీ మీద కూర్చుంది. అది చిన్న సంగతి కాదు. తర్వాతి మీటింగులో ఆ కుర్చీలో కూర్చున్న తల్లికి ఈ కాగితం ఇప్పించండి. అప్పుడు ఆమె మమ్మల్ని అడగవలసిన ప్రశ్న ఆమె దగ్గర ఉంటుంది.

రాష్ట్రమంతా ఒకేసారి కష్టమనుకుంటే పాత తూర్పు గోదావరి, విశాఖ, కడప జిల్లాల్లో కొన్ని మండలాలతో మొదలుపెట్టండి. వోచర్ లాటరీ తీసిన ఊళ్ళు అక్కడే ఉన్నాయి. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి, వాళ్ళలో కొందరి పిల్లలు అంగన్‌వాడీకి వెళ్తూ ఉండొచ్చు. వాళ్ళ చదువుల మీద రాసిన పరిశోధన ఇంగ్లీషులో ఉండిపోయింది. దాన్ని తెలుగులో సులువుగా రాయించి ప్రతి పాఠశాల యాజమాన్య కమిటీకీ పంపించే ఏర్పాటు కూడా చేయండి. మెదక్, నిజామాబాద్ ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం నకలు అక్కడి విద్యాశాఖకు కూడా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు